కారు నాది, మీటర్ మామది: ఛార్జింగ్ పాయింట్ ఎక్కడ పెట్టాలి?

మహబూబ్‌నగర్ నుంచి ఒక గవర్నమెంట్ టీచర్ రాసిన్రు, పేరు వద్దన్నరు. ఉత్తరం పెద్దది, కుదించి చెప్తున్న.

ఆమె బడి భూత్పూర్ అవతల ఒక ఊర్ల ఉంది, రానుపోను యాభై కిలోమీటర్లు. ఇన్నేళ్లు బస్సు దిగి ఆటో ఎక్కి, ఆటో దొరక్కపోతే ఎండల నిలబడి, అట్లనే నెట్టుకొచ్చిన్రు. ఇప్పుడు సొంత జీతం మీద లోన్ పెట్టి చిన్న ఎలక్ట్రిక్ కారు బుక్ చేసిన్రు, 25 యూనిట్ల బ్యాటరీది. ఇల్లు మామగారి పేరు మీద ఉంది. కింద అత్తమ్మ, మామ, వీళ్లిద్దరు, ఇద్దరు పిల్లలు, అందరికీ ఒకటే మీటర్. పైన కిరాయికున్న కుటుంబానికి వేరే మీటర్, వాళ్లకు సర్కారు గృహజ్యోతి స్కీం కింద జీరో బిల్లు వస్తది. బావగారు హైదరాబాద్ల ఉంటరు, ఇంట్ల సగం వాటా ఆయనది, పంపకాలు ఇంకా కాలేదు.

షోరూం తరఫున ఒకతను ఇల్లు చూడటానికి వచ్చిండట. "ఇంట్ల ఎర్త్ లేదు మేడం, త్రీ ఫేజ్ మీటర్ పెట్టించుకోండి, 7.2 కిలోవాట్ల బాక్స్ పెడదాం, దానికి ఎక్స్‌ట్రా అయితది" అని చెప్పి పోయిండు. వాళ్ల గల్లీ ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే "ఎర్త్‌దేముంది అక్కా, సాకెట్ లోపల్నే న్యూట్రల్ తీస్కపోయి ఎర్త్‌కి కలుపుతా, రెండు నిమిషాల పని" అన్నడు. అంతటితో ఆగలే, పైన వాళ్ల మీటర్ నుంచి వైర్ లాగితే కరెంటు కూడా ఫ్రీ అని ఉపాయం చెప్పిండు. మామగారు కార్లు కాలిపోయే వీడియోలు చూపించి ఇంట్ల పిల్లలున్నరు అంటున్నరు, బిల్లు ఎంతొస్తదో అని గొణుగుతున్నరు. బావగారు ఫోన్‌ల "పంపకాలయ్యే దాకా గోడకు మేకు కూడా కొట్టొద్దు" అన్నరు. భర్త ఏమో "నీ ఇష్టం" అని టీవీ చూస్తుండు. ఆఖర్ల ఆమె రాసిన మాట ఉన్నదున్నట్టు పెడుతున్న: "అన్నా, మా ఆయన బుల్లెట్ కొన్నప్పుడు ఒక్కరు ఒక్క మాట అనలేదు. నా కారు అనేసరికి ఇంటిల్లిపాదీ ఇంజినీర్లు అయిపోయిన్రు. బుకింగ్ క్యాన్సిల్ చేసుకోవాల్నా? వేరే మీటర్ పెట్టించుకోవాల్నా? ఆ పెద్ద బాక్స్ నిజంగా కావాల్నా?"

టీచర్ గారూ, బుల్లెట్ ముచ్చట చదివి నవ్వొచ్చింది గానీ మీ కడుపు మంట అర్థమైంది. ముందు ఒక మాట, మీ ఉత్తరంల నాలుగు పంచాయితీలు ఒకదాంట్ల ఒకటి చిక్కుకొని ఉన్నయ్. ఎర్త్ ఒకటి, బాక్స్ ఒకటి, బిల్లు ఒకటి, ఇల్లు ఎవరిది అనేది ఒకటి. మీ ఇంట్ల ఒకరు ఎర్త్ గురించి మాట్లాడితే ఇంకొకరు వాటా గురించి జవాబు చెప్తున్నరు, అందుకే ఎటూ తెగుతలేదు. నా లెక్క ప్రకారం వీటిల్ల బాక్స్‌ది అన్నిటికంటే చిన్న సంగతి, ఎర్త్‌ది అన్నిటికంటే పెద్దది, కానీ మీ దగ్గరికి వచ్చిన వాళ్లందరూ బాక్స్ గురించే మాట్లాడి పోయిన్రు.

సరే బాక్స్‌తోనే మొదలుపెడదాం, తొందరగా అయిపోతది. గోడకు తగిలించే ఆ డబ్బాను అందరం ఛార్జర్ అంటం గానీ, ఇంటి ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే అసలు ఛార్జర్ కారు లోపలే ఉంటది. గోడ మీది డబ్బా కరెంటును భద్రంగా కారు దాకా చేర్చే గేటు లాంటిది, అంతే. బోరు ఎంత జోరుగా పోసినా బిందె మూతి ఎంతుంటే అంతే నీళ్లు లోపలికి పోతయ్ కదా, ఇదీ అంతే. మీ కారు బ్రోచర్ తీసి ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఎంత అని ఉందో చూడండి. చిన్న బ్యాటరీ వేరియంట్లల్ల చాలావాటికి 3.3 కిలోవాట్లే ఇస్తరు. మీది అదే అయితే 7.2 బాక్స్ పెట్టినా కారు 3.3 మాత్రమే గుంజుకుంటది, మీరు ఎక్స్‌ట్రా కట్టిన పైసలు గోడ మీద అలంకారానికి ఉంటయ్. షోరూం అతన్ని ఈ ఒక్క ప్రశ్న అడగండి, ఆయన ముఖం చూస్తే జవాబు తెలిసిపోతది.

ఒకవేళ మీ వేరియంట్‌ల 7.2 ఉందే అనుకుందాం, అప్పుడు కూడా మీకు అవసరం లేదనే నేనంట. రోజుకు యాభై కిలోమీటర్లు అంటే ఇట్లాంటి చిన్న కార్లు యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల చొప్పున వేసుకున్నా ఏడు యూనిట్లు, ఛార్జింగ్‌ల పోయేది కలిపి మీటర్‌ల ఎనిమిది యూనిట్లు తిరుగుతయ్. మామూలు 15 ఆంపియర్ సాకెట్ మీద మూడు గంటల పని. రాత్రి పదకొండుకు పెడితే రెండింటికల్లా అయిపోతది, మీరు నిద్రల ఉంటరు. పెద్ద బాక్స్ ఎవరికి కావాలంటే పొద్దున హైదరాబాద్ పోయి సాయంత్రం వచ్చి మళ్లీ రాత్రి కర్నూల్ బయలుదేరేటోళ్లకు, ఇంట్ల రెండు ఎలక్ట్రిక్ కార్లు ఉన్నోళ్లకు, నలభై యాభై యూనిట్ల బ్యాటరీని రోజూ ఖాళీ చేసేటోళ్లకు. త్రీ ఫేజ్ సంగతి కూడా ఆ పెద్ద బాక్స్‌తో వచ్చిందే, 3.3 కిలోవాట్లకు సింగిల్ ఫేజ్ హాయిగా సరిపోతది. కాకపోతే శాంక్షన్ లోడ్, అంటే మీటర్‌కి రాయించుకున్న కిలోవాట్లు ఎన్నో చూసుకోవాలె. మీ మామ పేరు మీది మీటర్‌కి పాత రోజుల్ల ఒక కిలోవాటో రెండో రాయించి ఉంటరు, కారు ఒక్కటే మూడు గంటలు ఏకధాటిగా మూడు కిలోవాట్లు గుంజితే మీటర్‌ల ఆ డిమాండ్ రికార్డ్ అయితది, తర్వాత డిపార్ట్‌మెంట్ వాళ్లు అదనపు లోడ్‌కి కట్టమని నోటీస్ ఇస్తరు. వాళ్లు అడగకముందే మనమే పెంచుకుంటే గౌరవం.

ఇప్పుడు ఎర్త్, అంటే ఎక్కడన్నా కరెంటు లీకైతే మనిషి మీదికి రాకుండా నేలలకు పంపే వైర్. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఇది మీ పిల్లల సంగతి.

మన పాలమూరు నేల మీకు నేను చెప్పేదేముంది, పైన జానెడు ఎర్రమట్టి, కింద రాయి. పాత ఇళ్లల్ల ఎర్త్ అంటే మూలకు ఒక పైపు దిగ్గొట్టి వైర్ చుట్టి వదిలేసిన్రు, అదీ కొన్ని ఇండ్లల్లనే. వానాకాలంల పనిచేస్తది, ఏప్రిల్ మేల నేల ఎండిపోయినంక అది ఉన్నా లేనట్టే. ఫ్యాన్లకు, టీవీలకు ఆ తేడా తెల్వదు. కారు ఛార్జర్‌కి తెలుస్తది, అది ప్లగ్ పెట్టంగనే ముందు ఎర్త్ చూసుకుంటది, సరిగ్గా లేకపోతే ఎర్ర లైటు వేసి ఛార్జ్ చేయనని మొండికేస్తది. అది చెడిపోయిందనుకొని మనోళ్లు షోరూంకి ఫోన్ చేసి లొల్లి పెడతరు గానీ అది చేసేది దాని డ్యూటీనే.

మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన రెండు నిమిషాల పని ఏందంటే ఆ ఛార్జర్‌ని మోసం చేయడం. న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగి పోయే వైర్‌ని, ఎర్త్ పిన్‌కి కలిపితే దానికి ఎర్త్ ఉన్నట్టే కనిపిస్తది, పచ్చ లైటు వేసి ఛార్జ్ చేస్తది. కానీ మన దగ్గర గాలిదుమారం వస్తే న్యూట్రల్ తెగడం ఎంత మామూలో మీకు తెలుసు, "న్యూట్రల్ పోయింది, గల్లీల టీవీలన్నీ కాలినయ్" అని ప్రతి ఎండాకాలం ఎక్కడో ఓ చోట వింటనే ఉంటం. మీ ఇంటికొచ్చే న్యూట్రల్ స్తంభం కాడ ఊడిందనుకోండి, ఇంట్ల ఆన్‌ల ఉన్న ఫ్యాన్, ఫ్రిజ్ గుండా వచ్చే కరెంటు పోయేందుకు తోవ లేక ఆ కలిపిన వైర్ పట్టుకొని కారు బాడీ మీదికి వస్తది. అంటే వాకిట్ల నిలబడ్డ ఇనుప కారు మొత్తం 230 వోల్టుల మీద ఉంటది. చెప్పుల్లేకుండా తడి నేల మీద ఆడుకునే పిల్లగాడు డోర్ పట్టుకుంటే అంతే సంగతులు. అతను చెడ్డోడని నేను అంటలేను, చాలామంది ఇట్లనే చేస్తున్నరు, పని అయిపోతుంది కాబట్టి అదే సరైందనుకుంటున్నరు. మీరు మాత్రం ఒప్పుకోవద్దు, ఎంత బతిమిలాడినా, ఎంత అలవాటైన మనిషైనా. ఆయన ఆల్రెడీ ఏ సాకెట్‌ల అయినా అట్ల కలిపిపోయిండేమో అది కూడా వేరే మనిషితో చూపించండి.

సరైన పని ఏందంటే కారు కోసం కొత్తగా ఒక ఎర్త్ గుంత కొట్టించడం. పాత పద్ధతిల అయితే జీఐ పైపు దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, ఎండాకాలంల వారానికి ఓసారి బకెట్ నీళ్లు పోయాలె. చవకైతది గానీ నీళ్లు పోసే మనిషి గుర్తుంచుకోవాలె, ఉప్పు పైపును తినేస్తది కూడా. ఇంకో పద్ధతి కెమికల్ ఎర్తింగ్ అంటరు, రాగి పూత ఉన్న రాడ్ దింపి చుట్టూ తేమ పట్టి ఉంచే పౌడర్ నింపుతరు. మన రాతినేలకు, మీరు చెప్పిన ఇంటి పరిస్థితికి ఇదే నయం అనిపిస్తుంది, ఒక్కసారి పెట్టుబడి, రోజూ చూసుకునే పని ఉండదు. రాయి తగిలి పూర్తి లోతుకు దిగకపోతే కొంచెం ఎడంగా రెండు రాడ్లు దింపి కలిపిస్తరు. ఏది చేసినా గోడ పునాదికి ఐదారు అడుగుల దూరంల, బాత్రూం నీళ్లో మోటర్ నీళ్లో పారే దిక్కున ఉంటే మేలు. అయిపోయినంక "అయిపోయింది మేడం" అంటే పైసలు ఇవ్వకండి, ఎర్త్ టెస్టర్ పెట్టి ఎన్ని ఓములు వచ్చిందో కాయితం మీద రాసి ఇమ్మనండి. 5 లోపు వస్తే బేఫికర్. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజ్ కూడా చూడమనండి, ఒకటి రెండు వోల్టులుంటే మంచిదే, పది దాటి చూపిస్తే ఎక్కడో తేడా ఉందని.

మామగారు గుంత అనంగనే వాస్తు తీస్తరేమో. ఈశాన్యంల కొట్టొద్దు అంటే కొట్టకండి, ఆగ్నేయంల కరెంటు సామాను మంచిదంటే అక్కడే పెట్టండి, ఎర్త్‌కి దిక్కుతో పని లేదు, తేమతోనే పని. ఇట్లాంటి చిన్న విషయంల పెద్దాయన మాట నెగ్గితే పెద్ద విషయంల మీ మాట వింటరు.

ఎర్త్‌తో పాటు లైన్. ఇంట్ల ఉన్న గీజర్ పాయింట్ నుంచో వాషింగ్ మెషిన్ పాయింట్ నుంచో జంక్షన్ బాక్స్ పెట్టి లాగుతా అంటే వద్దనండి. ఇంటి వైరింగ్ చాలాచోట్ల రెండున్నర ఎంఎం ఉంటది, గీజర్ పావుగంట పనిచేసి ఆగిపోతది కాబట్టి నడుస్తది, కారు మూడు గంటలు ఆగకుండా గుంజితే వైర్ వేడెక్కుతది, సాకెట్ నల్లబడుతది. మీటర్ పక్కన మెయిన్ నుంచి సీదా కారు దాకా విడిగా 4 ఎంఎం రాగి వైర్, దానికి సొంతంగా 20 ఆంపియర్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్), ఒక 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్). ఆర్‌సీసీబీ కొనేటప్పుడు టైప్ ఏ అని అడగండి, షాపుల మామూలుగా ఇచ్చేది టైప్ ఏసీ, దానికంటే ఇది కారుకు తగింది, ధర కొంచెం ఎక్కువ. సాకెట్ కూడా మామూలు తెల్ల సాకెట్ కాకుండా నీలం రంగుల వచ్చే ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టి, దానికి తగ్గ ప్లగ్ మీ కారు కేబుల్‌కి కుదురుతదో లేదో ముందే చూసుకోండి. కుదరకపోతే మంచి కంపెనీ 16 ఆంపియర్ సాకెట్ (మనం 15 అనేది ఇదే), మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ బాక్స్‌ల. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం ఒక్కరోజుకైనా వద్దు, చుట్టం కారైనా సరే.

మామగారి భయం గురించి. వీడియోలు చూసి భయపడుతున్నరు అని మీరు కొంచెం వెటకారంగా రాసిన్రు, నేనైతే ఆయన్ని తప్పుపట్టను. 2022 సెప్టెంబర్ల సికింద్రాబాద్‌ల లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంల మంటలు లేచి 8 మంది పోయిన్రు, అది చూసిన మనిషికి మనసుల ఉంటది. ఆ ఏడాది స్కూటర్లు వరసబెట్టి కాలినయ్ కాబట్టే ప్రభుత్వం బ్యాటరీ రూల్స్ గట్టిచేసింది, స్కూటర్లకు ఏఐఎస్ 156, కార్లకు ఏఐఎస్ 038, కొత్త సవరణలు 2022 డిసెంబర్ నుంచి, 2023 మార్చి ఆఖరి నుంచి రెండు విడతల్ల వచ్చినయ్. మీ కారు బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమా కాదా అడిగి తెలుసుకోండి, ఆ రకం వేడికి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటది. ఇవన్నీ ఆయనకు చెప్పండి, కానీ చెప్పడం కంటే ఎర్త్ కొట్టేరోజు, లైన్ వేసేరోజు ఆయన్నే కుర్చీ వేసి దగ్గర కూర్చోబెట్టండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటది, నొక్కితే టప్‌మని పడిపోతది, అది ఆయన చేత్తోనే నొక్కించండి. నెలకోసారి నొక్కి చూడటం ఆయన పని అని చెప్పండి. నిజానికి ఇంటి కాడ మంటలంటే ఎక్కువగా భయపడాల్సింది బ్యాటరీకి కాదు, లూజు సాకెట్‌కి, సన్న వైర్‌కి, ఆ భయం ఉన్న పెద్దమనిషి ఇంట్ల ఒకరుండటం మంచిదే.

ఇక బిల్లు. ఇక్కడ మామగారి గొణుగుడుల మీకు కనిపించని నిజం ఒకటుంది, లెక్క వేసి చూపిస్తా. మీ ఇంటికి నెలకు 180 యూనిట్లు వస్తయని రాసిన్రు. ఇప్పుడున్న రేట్లల్ల 200 లోపు వాళ్లకు మొదటి నూరు యూనిట్లు 3.40, తర్వాతి నూరు 4.80, అంటే మీ ఎనర్జీ ఛార్జి 724. కారుకి నెలకు ఇంకో 200 యూనిట్లు కలిస్తే మొత్తం 380 అయితది. 200 దాటినోళ్లకు స్లాబే మారిపోతది, మొదటి రెండొందలు 5.10, తర్వాత నూరు 7.70, ఆ పైన 9 రూపాయలు, మొత్తం 2510. అంటే కారు వల్ల పెరిగింది 1786, యూనిట్‌కి తొమ్మిది రూపాయల దగ్గర పడ్డట్టు. అసలు సంగతి ఏందంటే అందుల కారుకు సంబంధం లేని పైసలు కూడా ఉన్నయ్, మామగారి ఫ్యాను, అత్తమ్మ మిక్సీ వాడుకున్న అదే 180 యూనిట్లు కూడా 724 నుంచి 918కి పోయినయ్. ఆయన ఒక్క బల్బు ఎక్కువ వేయలే, బిల్లు పెరిగింది. కాబట్టి "కారు యూనిట్ల పైసలు నేనిస్తా మామా" అని మీరు యూనిట్లు లెక్కపెట్టి ఇస్తే తక్కువే ఇచ్చినట్టు, ఆయనకు లెక్క రాకపోయినా ఎక్కడో పోతున్నయని మాత్రం తెలుస్తది, అక్కడే మాటలు మొదలైతయ్.

రెండు తోవలున్నయ్. ఒకటి, ఉన్న మీటర్ మీదనే నడిపించి నెల బిల్లు మొత్తం మీరే కట్టడం, సగాలు లేవు, లెక్కలు లేవు. సులువు, ఈ వారమే చేయొచ్చు, ఉన్న ఇంటి కరెంటు మీదనే సొంత కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్రం గైడ్‌లైన్స్‌లనే ఉంది. ఇబ్బంది ఏందంటే ఇన్నేళ్లు ఆ బిల్లు మామగారు తన చేత్తో కట్టి ఉంటరు, ఇంటి పెద్దరికం కొంత అందుల ఉంటది, కోడలు ఒక్కసారి గుంజుకున్నట్టు అనిపించొచ్చు. అది మీకే బాగా తెలుస్తది, నేను ఇక్కడ కూర్చొని చెప్పలేను. ఎండాకాలంల కూలర్లు, ఏసీ కలిస్తే బిల్లు ఇంకా పైకి పోతది, అది కూడా మీ మీదనే పడుతది.

రెండోది, కారుకు వేరే మీటర్. ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్‌కి మన రాష్ట్రంల వేరే కేటగిరీ ఉంది, ఎల్‌టీ 9, యూనిట్ 6 రూపాయలు, దాని మీద కిలోవాట్‌కి ఇంత అని ఫిక్స్‌డ్ ఛార్జి. మీ 200 యూనిట్లకు 1400 చుట్టుపక్కల అయితది, మామగారి బిల్లు పాత 724 దగ్గరే నిలబడుతది. నెలకు ఒక నాలుగొందలు మిగులు. కొత్త కనెక్షన్ ఖర్చు, డిపాజిట్, సర్వీస్ వైర్ కలిపితే ఆ నాలుగొందలతో వాపసు రావడానికి టైం పడుతది, కాబట్టి పైసల కోసమే అయితే తొందరేం లేదు. కానీ ప్రశాంతత కోసం అయితే చాలా విలువ, ఎవరి బిల్లు ఎవరిదో కాయితం మీదే ఉంటది. 2024 ఫిబ్రవరిల కేంద్రం రూల్ మార్చింది, వినియోగదారుడు అడిగితే కారు ఛార్జింగ్‌కి విడిగా కనెక్షన్ ఇవ్వాలె, కొత్త కనెక్షన్ పట్టణాల్ల 7 రోజుల్ల, ఊర్లల్ల 15 రోజుల్ల ఇవ్వాలె. టీజీఎస్పీడీసీఎల్, అంటే కరెంటు ఆఫీసుకు పోయినప్పుడు "ఇంటికి రెండో మీటర్ కావాలె" అని అడిగితే ఎందుకని నూరు ప్రశ్నలు వేస్తరు, "ఈవీ కేటగిరీ కింద కావాలె" అని సీదా చెప్పండి.

పైన వాళ్ల మీటర్ ఉపాయం గురించి ఒక్క మాటే. గృహజ్యోతి 200 యూనిట్ల లోపు వాళ్లకు, ఒక్క యూనిట్ దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలె. మీ కారు ఒక్కటే రెండొందలు తాగుతది. అంటే ఫ్రీ అయ్యేది మీకు కాదు, పోయేది వాళ్ల జీరో బిల్లు, కిరాయికున్నోళ్లు కాబట్టి నోరు తెరిచి అడగలేరు కూడా. పేదోళ్ల కోసం ఇచ్చినదాన్ని కారుకు పెట్టడం ఏ లెక్కన చూసినా బాగుండదు. బడిల పెట్టుకోమని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తరు, సర్కారు బడులకు కరెంటు ఉచితం చేసిన్రు కదా అని, దాని జోలికి కూడా పోకండి, ఒక్క ఫోటో చాలు మీకు మెమో రావడానికి.

బావగారి సంగతికి వద్దాం. ఆయన భయం ఛార్జర్ గురించి కాదు, మీరు ఆ జాగాల పాతుకుపోతరేమో అని. మీటర్ మీ పేరు మీద వస్తే రేపు పంపకాలప్పుడు "మా మీటర్ ఉంది, ఈ దిక్కు మాదే" అంటరేమో అని. కరెంటు మీటర్ ఎవరి పేరు మీద ఉంటే ఇల్లు వాళ్లదైపోదు, అది ఆస్తి కాయితం కాదు, కానీ ఆ మాట మీరు చెప్తే ఇంకా అనుమానం పెరుగుతది. దీనికి నాకు తోచిన తోవ, కొత్త మీటర్ కూడా మామగారి పేరు మీదనే తీసుకోండి. ఎట్లాగూ ఇంటి ఓనర్ సంతకం కావాలె, పేరే ఆయనది పెడితే బావగారికి అనడానికి ఏం ఉండదు, బిల్లు మీ ఫోన్ల యాప్ నుంచి మీరు కట్టుకుంటరు. ఇందుల మీకు నష్టం ఏందంటే రేపు మామగారితో ఏదన్నా మాటా మాటా వస్తే మీటర్ ఆయనది, మార్పించుకోవాలన్నా ఆయన సంతకమే. అది మీరు తూచుకోవాలె.

ఇక గోడకు మేకు అన్న మాట, దాన్ని అక్షరాలా పాటించండి, ఏం పోతది. కాంపౌండ్ పక్కన నేలల ఒక ఇనుప పోల్ పాతి దానికే సాకెట్ బాక్స్ బిగించి, వైర్‌ని పీవీసీ పైపుల మీటర్ దాకా పైపైన తీసుకపోవచ్చు. గోడ చెక్కే పని లేదు, రేపు పంపకాల్ల ఆ దిక్కు బావగారికి పోతే స్క్రూలు విప్పి పోల్‌తో సహా ఇటు మార్చుకుంటరు, పోయేది ఎర్త్ గుంత ఒక్కటే. నేను 15 ఆంపియర్ సాకెట్ చాలంటున్న దాంట్ల ఇది కూడా ఒక కారణం, త్రీ ఫేజ్ తెచ్చి పెద్ద బాక్స్ గోడకు బిగిస్తే అంత సులువుగా కదలదు, అప్పుడు బావగారి మాటకు కూడా బలం వస్తది. సోలార్ ఆలోచన కూడా ఉందని రాసిన్రు, పీఎం సూర్యఘర్‌ల 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ వస్తది, మీ కారుకూ ఇంటికీ కలిపి దాదాపు సరిపోతది, కానీ మిద్దె మీది జాగా ఇద్దరన్నదమ్ములది కాబట్టి పంపకాలయ్యే దాకా దాన్ని తీయకండి, తీస్తే ఉన్న లొల్లి చాలక ఇంకోటి.

ఒక పక్కన దివిటిపల్లి కాడ అమరరాజా వాళ్లు బ్యాటరీల ఫ్యాక్టరీ కడుతున్నరు, ఇంకో పక్కన అదే ఊరు దగ్గర ఇంట్ల ఒక సాకెట్ కోసం ఇంత పంచాయితీ, పాలమూరు అంటే ఇదే మరి.

బావగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆయన. "నీ ఇష్టం" అనేది ఉదారంగా వినిపిస్తది గానీ, అన్నదమ్ముల వాటా సంగతి కోడలు నోట వస్తే అది కోడలి గొడవ అయిపోతది, తమ్ముడి నోట వస్తే ఇంటి సంగతిగా ఉంటది. ఆయనకు ఎర్త్, ఎంసీబీ ఏం చెప్పక్కర్లేదు, మూడు ముక్కలు చాలు: మీటర్ నాన్న పేరు మీదనే, గోడకు ఏం కొట్టట్లే, రేపు నువ్వు చెప్తే తీసేస్తం. ఫోన్ల కాకుండా బావగారు ఈసారి ఊరికొచ్చినప్పుడు వాకిట్ల నిలబడి చూపించుకుంట మాట్లాడితే ఇంకా మంచిది.

క్యాన్సిల్ చేసుకోవాల్నా అని అడిగిన్రు. నెలకు 1200 కిలోమీటర్లు పెట్రోల్ కారుల తిరిగితే లీటర్‌కి 16 ఇచ్చినా 75 లీటర్లు, 107 చొప్పున 8 వేల రూపాయలు. మీ కరెంటు ఎంత ఖరీదైన తోవల తీసుకున్నా రెండు వేలు దాటట్లే. రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ మాఫీ కూడా మన రాష్ట్రంల 2026 డిసెంబర్ 31 దాకా పెట్టిన్రు. ఇవన్నీ చూస్తే క్యాన్సిల్ చేసేంత కారణం నాకైతే ఉత్తరంల కనిపించలే. క్యాన్సిల్ చేయాల్సిన పరిస్థితి ఒక్కటే, మామగారు వాకిట్ల ఎర్త్ గుంతకు కూడా ససేమిరా అంటే. ఎర్త్ లేకుండా ఇంటి ఛార్జింగ్ లేదు, రోజూ హైవే మీద ఫాస్ట్ ఛార్జర్ కాడికి పోయి పెట్టుకుంటే యూనిట్ ఇంటికంటే రెండు మూడింతలు పడుతది, పొద్దున బడి టైంకి అక్కడ క్యూల నిలబడటం మీ వల్ల కాదు. అప్పుడు కొన్నాళ్లు ఆపుకోవడమే నయం.

అందుకే ఇప్పుడే షోరూంకి ఫోన్ చేసి డెలివరీ మూడు వారాలు వెనక్కి జరపమనండి, అది వాళ్లకు కొత్త కాదు. ఆ మూడు వారాల్ల ముందు ఎర్త్ కొట్టించి రీడింగ్ తీసుకోండి, అది మంచిగ వస్తేనే లైన్ వేయించండి, మీటర్ అప్లికేషన్ పక్కన నడుస్తనే ఉంటది, రాకపోతే మొదటి రెండు నెలలు పాత మీటర్ మీదనే ఛార్జ్ చేసుకొని బిల్లు మీరు కట్టేయండి. ఎర్త్ రీడింగ్ ఎంతొచ్చిందో నాకు రాసి పంపండి, పది దాటితే ఇంకో రాడ్ ఎక్కడ దింపాల్నో ఇంటి నక్ష చూసి చెప్తా, వాకిలి ఎటున్నది, బోరు ఎటున్నది అది కూడా గీసి పెట్టండి.